గడప దాటని నీళ్ళు

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టింది చెయ్యి పైకెత్తి నిలబడ్డ చోట. ఒక చెయ్యి పైకి, ఇంకో చేతిలో పాప.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. వరద తీశాక మా వీధికి సర్వే మేడమ్ వచ్చింది. ఏ ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అడిగి, కొలిచి, మ్యాపు గీయడం ఆవిడ పని. మళ్ళీ వరదొస్తే ముందు ఎవరిని తరలించాలో, ఎవరిని ఎక్కడ ఉంచాలో ఆ మ్యాపు చూసే నిర్ణయిస్తారు. మా వీధి వీధంతా ఒక్క నోటితో "గడప దాటలేదండీ" అంది. దాంతో మ్యాపులో మా వీధి ఆకుపచ్చగా తేలింది. ఆకుపచ్చ అంటే నీళ్ళు చేరని చోటు. తల్లులు పనికి పోతూ చంటిపిల్లల్ని వదిలిపెట్టే పిల్లల కేంద్రం కాలవ పక్కన ఉండి మునిగిపోయింది కదా, దాన్ని మా ఇంటి ముందుగదిలోకి మారుస్తామన్నారు. మా అత్తయ్య సరేనంది. మా వీధి పెద్దమనిషి సెంటు బాబాయి వరండాలో మ్యాపు తగిలించి, "అభ్యంతరం ఉంటే ఇవాళే చెప్పాలి, రేపు అచ్చుకి పోతుంది" అంది మేడమ్. అప్పుడు లేచింది నా చెయ్యి.

"చెప్పమ్మా," అంది మేడమ్.

నోరు తెరిచాను. నా మాట బయటికి రాకముందే వాసన లోపలికి పోయింది. సెంటు బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. వరద తీసిన దగ్గర్నుంచి ఆయన పొద్దున్నే వరండా అంతా మల్లెపూల సెంటు కొడుతున్నాడు. పైన మల్లెలు, కింద కుళ్ళిన బురద. చచ్చిన ఎలకకి పెళ్ళికూతురి అలంకారం చేసినట్టుంటుంది. పాప ముఖాన్ని భుజానికి అదుముకుని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయండీ. గడప కాదు, పొయ్యి మునిగింది. కిటికీలు మునిగాయి. నేనూ పాపా అత్తయ్యా అటకెక్కి కూర్చున్నాం. ఈ పక్కింటి టైలరక్క కూడా మాతోనే ఉంది."

వరండాలో తలలన్నీ నావైపు తిరిగి, వెంటనే టైలరక్క వైపు తిరిగాయి. ఆవిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది. దాన్ని తీసి, ఒక కొస పట్టుకుని నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టింది.

నీళ్ళ జోరుకి తలుపు రాక, బయటున్న మేడ మెట్లదాకా పోలేక, ఆ రోజు అటకమీద మేము ఒకరి ఊపిరి ఒకరం పీల్చాం. పాపకి పాలివ్వడానికి నేను పక్కకి ఒరిగితే, జారిపోకుండా నా నడుం పట్టుకుని కూర్చుంది టైలరక్క. కింద మా గిన్నెలు తేలుతున్నాయి. వాటి మధ్య, కాలవ వెనక్కి తన్ని తెచ్చిన మలం తేలుతోంది. "చూడకు, చూడకు" అని తన అరచేత్తో నా కళ్ళు మూసింది. అలాంటి మనిషి.

"అటకా?" అంది, చుట్టడం ఆపకుండా. "ఆఁ, ఎక్కామండీ. జోరు వాన కదా, ఎందుకైనా మంచిదని ఎక్కాం."

"ఎందుకైనా మంచిదనా అక్కా?"

"మరి? నీకసలే భయమెక్కువ. పాప తుమ్మితే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతావు. బకెట్టు ఒలికినా వరదే నీకు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు, హమ్మయ్య అన్న ఊపిరి ఉంది. సెంటు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"చూడండి మేడమ్, మాది పరువైన వీధి. మురుగు మా ఇళ్ళల్లోకి రావడమేమిటి? వాకిట్లో కాస్త తడైంది, అంతే. చిన్నపిల్ల, బాలింత నీరసం. ఏదో అంటుంది."

బాలింత నీరసమట. పాప పాకుతోంది, పళ్ళొస్తున్నాయి, నాకింకా బాలింత నీరసం! ఈ పెద్దమనిషి తన మునిగిన సోఫాని అల్లుడి చేత గోడ వెనక్కి మోయించడం నేను మా మేడ మెట్ల మీంచి చూశాను. మోస్తుంటే దాని పొట్ట చిరిగి బురద ఆయన కాళ్ళమీద పడింది. ఆ కాళ్ళకీ సెంటే కొట్టుకున్నాడేమో.

నీళ్ళొచ్చాయని చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరికీ సిగ్గులేదు. ఏ నీళ్ళొచ్చాయన్నదే సిగ్గు. వాన నీళ్ళయితే కష్టమొచ్చిందని నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇది అందరూ వదిలిందే అందరి ఇళ్ళల్లోకీ తిరిగొచ్చింది. అన్నం వండుకునే గిన్నెలో తేలింది. ఆ మాట పరాయి మనిషి ముందు ఎవరంటారు? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని, మొదటి ఇంటావిడ "గడప దాటలేదు" అంది. పక్కింటికి దాటలేదట, మనకి మాత్రం ఎందుకు దాటాలి అని రెండో ఇల్లు. వాళ్ళిద్దరికీ దాటకపోతే మూడో ఇంటికి ఇంక గత్యంతరమేముంది? ఆ మాట వీధి పొడుగునా, నీళ్ళొచ్చినంత జోరుగానే వచ్చింది. తర్వాత అందరూ గోడలు కడిగి, పైనుంచి కిందిదాకా ఒకే మేస్త్రీ చేత ఒకే రంగు కొట్టించారు. లేత గులాబి. స్నానం మానేసి పౌడరు రాసుకున్నట్టు నిలబడ్డాయి ఇళ్ళు.

మేడమ్ కళ్ళకింద నల్లగా ఉంది. ఎన్ని వీధులు తిరిగిందో, కాళ్ళకి రబ్బరు బూట్లు, వాటి అంచున ఎండిన మట్టి. చిరాకు పడలేదు.

"నేను నమ్మడం లేదని కాదమ్మా. గోడమీద మరక దొరికితే మరకని కొలుస్తాం. దొరక్కపోతే ఇంటివాళ్ళ మాట రాసుకుంటాం. వీధంతా ఒక మాట చెప్తోంది, నువ్వొక్కదానివే ఇంకో మాట అంటున్నావు. ఒక్క గుర్తు చూపించు. ఎక్కడైనా సరే, ఒక్క మరక."

"మరి మాది ఆకుపచ్చగానే ఉండిపోతే ఏమవుతుంది మేడమ్?" అందరికీ వినపడాలని గట్టిగానే అడిగాను.

"హెచ్చరిక మైకు బండి ముందు ఎరుపు వీధులకి పోతుంది. పడవలూ అక్కడికే. తర్వాత పసుపు."

"తర్వాత మాకా?"

ఆవిడ మ్యాపు వైపు తిరిగింది. "ఆకుపచ్చకి పడవ అక్కర్లేదనే లెక్కమ్మా."

వరండాలో నవ్వు ఆగింది. ఎవరో కుర్చీ జరిపారు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. అక్కడ పిల్లలున్న తల్లులే ఎక్కువ. పనిలోకి పోతూ ఆ పిల్లల్ని మా ముందుగదిలో పడుకోబెట్టబోయేదీ వాళ్ళే. నాకు అసహ్యం వేసింది. ఆ మురుగు చూసినప్పుడు కూడా అంత అసహ్యం వెయ్యలేదు. దానికి మనసు లేదుగా, వదిలినవాళ్ళ దగ్గరికి తిరిగొచ్చింది, అంతే.

మా ఆయన వరండా స్తంభానికి ఆనుకుని ఉన్నారు. మోటార్ల మెకానిక్, నీళ్ళొచ్చిన రోజు పనిమీద వేరే ఊళ్ళో చిక్కుకున్నారు. వరద తర్వాత వీధిలో ప్రతి ఇంటి నీళ్ళ మోటారూ ఈయన షెడ్డుకే వచ్చింది. ఒక్కోటీ విప్పితే లోపల్నుంచి నల్లటి ముద్ద జారేది. ఆ వారమంతా ఈయన అన్నం స్పూనుతో తిన్నారు, చేతులు నోటి దగ్గరికి తెచ్చుకోలేక.

"ఏవండీ, మీరైనా చెప్పండి."

గోరు సందులో గ్రీజు గీక్కుంటూ, "అమ్మ చెప్పింది కదా," అన్నారు.

అత్తయ్య వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు దిగబడ్డాయి. "ఏమే, ఇంటి సంగతి తెచ్చి వీధిలో పరుస్తావా? పద. అందరిదీ ఒక దారి, నీదొక దారి. ఎనిమిదో తరగతి దాటనిదానివి మ్యాపులు దిద్దుతావా?"

ఎనిమిదో తరగతి దాటలేదు, నిజమే. కానీ ఆ మాట అంటున్నప్పుడు అత్తయ్య నన్ను చూడలేదు. మా ఇంటి తలుపు వైపు చూసింది. ఆ చూపు వెంట నా చూపూ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది బీరువా.

మా ముందుగదిలో అటక అంచుదాకా ఎత్తున్న చెక్క బీరువా ఒకటుంది. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి అది జరగడం చూడలేదు. వరదకి చెక్క ఉబ్బి తలుపులు పడటం లేదు. అడుగు పలక కుళ్ళి, వేలు పెడితే తడిసిన బ్రెడ్డులా దిగబడుతోంది. పాప ఎక్కడ ఆ అడుగుకి పాకి, ఏం గీకి నోట్లో పెట్టుకుంటుందోనని రోజంతా నా ప్రాణం అటే. పారేద్దామంటే అత్తయ్య వినదు. "అది ఇంటి పెద్ద," అంటుంది. రంగులు కొట్టే మేస్త్రీ జరపమంటే, చుట్టూ కొట్టి పొమ్మంది. కడిగిన రోజు కూడా దాని వెనక్కి చీపురు పోలేదు.

"మేడమ్, మా ఇంటికి రండి," అన్నాను. "మరక చూపిస్తాను."

నా మోచేతిని అత్తయ్య వదిలేసింది. వదిలిందా, ఆవిడ చేతిలోంచి జారిందా, తెలీలేదు. మేమింకా మెట్లు దిగుతుండగానే ఆవిడ మా గుమ్మంలో ఉంది. మోకాళ్ళ నొప్పులని మందుబిళ్ళలు వేసుకునే మనిషి.

మేము లోపలికి వెళ్ళేసరికి బీరువాకి వీపు ఆనించి నిలబడింది, చేతులు రెండూ బార్లా చాపి. గుమ్మం దగ్గర వీధంతా మూగింది. తమాషా అంటే మాత్రం ఎవరికీ గడప అడ్డం రాదు.

"ఇది కదలదు," అంది అత్తయ్య.

"పెద్దమ్మా, ఒక్కసారి వెనక చూస్తాను, అంతే," అంది మేడమ్.

"చూడ్డానికేముంది? బూజు. నీ ఇంట్లో బీరువా వెనక బూజు ఉండదా? వెళ్ళి దాన్ని కొలుచుకో."

"అత్తయ్యా, జరగండి."

"నువ్వు నోరుముయ్యి. గదికి మంచిరోజులు వస్తుంటే చూడలేకపోతున్నావు. పిల్లలొస్తారు, ఇల్లు కళకళలాడుతుంది..."

"ఏ పిల్లలత్తయ్యా? మన పాపనే ఎత్తుకోరు మీరు. నడుం నొప్పంటారు, నిండు బకెట్టు మాత్రం మేడమీదికి మోస్తారు. ఇంతమంది పిల్లలు ఇక్కడ ఏడిస్తే ఎత్తుకుంటారా?"

అనకూడని మాట అన్నానని అత్తయ్య ముఖం చూశాక తెలిసింది. కోపం రాలేదు ఆవిడకి. పెదవులు తెల్లబడ్డాయి.

"నా ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడిక్కడ," అంది, గొంతు తగ్గించి. "వాడు చెప్తే జరుగుతాను. అడుగు వాణ్ణి."

ఒక్కగానొక్క కొడుకు. ఆ మాట ఆవిడ మాటల్లో ఉప్పులాంటిది, ప్రతిదాంట్లో వేస్తుంది. ఈయన గుమ్మంలో నిలబడి అమ్మని చూశారు, నన్ను చూశారు, చివరికి ఎవర్నీ చూడక్కర్లేకుండా ఫ్యాను చూశారు.

నేను అరవలేదు. అరిస్తే ఈయన షెడ్డుకి పోతారు, నాకు తెలుసు.

"మునిగిన మోటారు తెస్తే మీరు మొదట ఏమడుగుతారు?" అన్నాను.

"ఏంటీ?"

"చెప్పండి. షెడ్డులోకి తెచ్చి పెట్టగానే ఏమడుగుతారు?"

"ఎంతదాకా మునిగింది, ఎంతసేపు మునిగింది అని."

"దేనికి?"

"మునగలేదంటే ఊరికే పైన తుడిచి కరెంటు ఇస్తాం కదా. నిజంగా మునిగుంటే..." ఆగిపోయారు.

"మునిగుంటే?"

"కాలిపోతుంది."

"పక్కన ఎవరైనా ఉంటే?"

నా భుజంమీద పాప తన పిడికిలి చప్పరించుకుంటోంది. ఈయన దాన్ని చూశారు. మళ్ళీ ఫ్యాను చూడలేదు. వెనక్కి తిరిగి షెడ్డుకే వెళ్ళారు. గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ వెంటనే తిరిగొచ్చారు, చంకలో ఇనప పైపు ముక్కలు, చేతిలో పలుగు. పెద్ద మోటార్లని అలాగే జరుపుతారీయన. పలుగుతో ఒక పక్క లేపి, కింద పైపులు దొర్లించి, వాటిమీద తోస్తారు.

"అమ్మా, పక్కకి రా."

"ఒరేయ్..."

"పడుతుంది నీమీద. రా."

ఆవిడ చెయ్యి పట్టుకుని పసిపిల్లని నడిపించినట్టు నడిపించి కిటికీ దగ్గర నిలబెట్టారు. ఆవిడ పెనుగులాడలేదు. అదే నాకు వింతగా తోచింది.

పలుగు పెట్టి లేపగానే అడుగు పలక చప్పుడు కూడా లేకుండా విరిగింది. లోపల్నుంచి కారింది. వరద పోయి ఇన్నాళ్ళయినా కారింది, నల్లగా, జిగటగా, చేపల గంప కడిగిన నీళ్ళు ఎండలో పెట్టినట్టు. ఆ వెనకే బొద్దింకలు, ఒకదానిమీద ఒకటి ఎక్కి, గుమ్మం వైపే పరిగెత్తాయి. వీధంతా ఒక్క గెంతు వెనక్కేసింది. "ఛీ ఛీ" అంది టైలరక్క, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఛీ ఎందుకక్కా?" అన్నాను. "గడప దాటలేదుగా. ఇవి సెంటు బాబాయి వరండాలోంచి వచ్చుంటాయి."

ఈయన పళ్ళ బిగువున తోశారు. పైపులు దొర్లాయి. చెక్క మూలిగింది. బీరువా గోడనుంచి తలుపు తెరుచుకున్నట్టు ఒక పక్కగా విడిపోయింది, దాని వీపుకి అంటుకున్న పెచ్చులు రాలాయి. చచ్చిన ఎలక ఒకటి, గోడకీ చెక్కకీ మధ్య అప్పడంలా ఎండి, అలాగే నిలబడి ఉంది.

మరక కోసం వెతకాల్సిన పని లేకపోయింది. గోడంతా మరకే. కింద నల్లటి బూజు, దానిమీద ఆకుపచ్చ నురగ ఎండిన చారలు, అన్నిటికీ పైన ఎవరో బద్ద పెట్టి గీసినట్టు నూనె గీత. నా తలకి పైన ఉంది. చెయ్యి చాపితే వేళ్ళ కొసలు తగిలాయి.

మేడమ్ గోడ దగ్గరికెళ్ళింది. కొలత కర్ర పెట్టింది, ఫొటో తీసింది, మళ్ళీ కొలిచింది. "పిల్లల్ని ఈ గోడ వారనే పడుకోబెడదామనుకున్నాం," అంది, ఎవరితోనో కాదు, కర్రతోనే.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

"నిజానికండీ," అంది టైలరక్క గుమ్మంలోంచి, "మా ఇంట్లోనూ కొద్దిగా వచ్చాయి. కుట్టుమిషను తడిసింది."

"తడవడమేమిటి, మునిగింది," అన్నారు వెనకనుంచి ఎవరో.

"మా ఇల్లు ఇంకా పల్లంలో ఉంది, మాకు వీళ్ళకంటే ఎక్కువే వచ్చుండాలి."

"మీకంటే మాకెక్కువ! మా ట్యూబులైటు మునిగింది!"

"అబ్బో, మీ ట్యూబులైటు ఎప్పుడు వెలిగింది గనక మునగడానికి?"

ఇందాకటి నోళ్ళే. గడప దాటనివ్వని నోళ్ళు ఇప్పుడు నీళ్ళని పోటీలు పడి ఎక్కిస్తున్నాయి, నడుందాకా, మెడదాకా, కప్పుదాకా. మేడమ్‌ని చుట్టుముట్టి మా ఇంటికి రండంటే మా ఇంటికి రండని లాగుతున్నారు. నన్ను మాత్రం ఎవరూ చూడటం లేదు. ఒక్కరు, ఒక్కరైనా, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా" అనలేదు. టైలరక్క నా దగ్గరికొచ్చి పాప బుగ్గ గిల్లబోయింది. పాపని రెండో భుజానికి మార్చుకున్నాను.

"కోపమా?" అంది.

"కోపం కాదక్కా. నీ చేతికి వాసనొస్తోంది."

మేడమ్ అందర్నీ ఆపింది. సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసింది. వరండాలోంచి తెచ్చుకున్న మ్యాపు మడత విప్పి, మా ఇంటి గోడకే ఆనించి, వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆకుపచ్చమీద ఎర్రగా రుద్దింది. రెండు రంగులూ కలిసి రక్తం గడ్డకట్టిన రంగు వచ్చింది. "కేంద్రానికి వేరే చోటు చూస్తాం," అంది. "ఇక్కడ వద్దు."

నేను గోడకి చేరగిలబడి ఊపిరి వదిలాను. అయిపోయిందనుకున్నాను.

"కానీ, ఇదేమిటి?" అంది మేడమ్.

ఆవిడ కర్ర కొస నూనె గీతని దాటి ఇంకా పైకి పోయింది. దాదాపు అటక అంచు దగ్గర, ఇటుక పొడి రంగులో, ఇంకో గీత ఉంది. సన్నగా, ఎండిపోయి. చేత్తో గీకితే పొడి రాలింది.

"ఇది మొన్నటిది కాదు. చాలా పాతది. మా దగ్గర ఈ వీధికి ఇంతకుముందు వరద వచ్చినట్టే లేదే? పెద్ద కార్యాలయంలో పాత రికార్డులన్నీ తిరగేసే వచ్చాను. అందుకే మీ అందరి మాట నమ్మాను."

కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. అప్పటిదాకా ఆవిడ అక్కడున్న సంగతే మరిచిపోయాం.

"అప్పుడూ వచ్చి అడిగారు," అంది. "అప్పుడూ గడప దాటలేదనే చెప్పాం. వీధి వీధంతా."

మేడమ్ కొలత కర్ర దించింది. నేను గుమ్మం వైపు చూశాను. ఆ వయసువాళ్ళు వీధిలో ఇంకెవరున్నారు, సెంటు బాబాయి తప్ప? ఆయన నిలబడ్డ చోట సెంటు వాసన ఉంది, ఆయన లేడు.

"అమ్మా, ఏ ఏడు?" అన్నారు ఈయన. ఆవిడ కళ్ళు గోడ కింది భాగం మీదే ఉన్నాయి. ఈయన గ్రీజుగుడ్డ తీసుకుని, ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు, గోడమీద బూజు తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూ తుడుస్తూ ఆగారు.

"ఇలా రా," అని నన్ను పిలిచారు.

నూనె గీతకి చాలా కింద, నా నడుం ఎత్తున, గోడమీద గాట్లు. మేకుతో అడ్డంగా గీసినవి, ఒకదానిమీద ఒకటి, మెట్లలాగా. ఎదిగే పిల్లల్ని గోడకి నిలబెట్టి నెత్తిమీద గీస్తామే, అవి. మొదటిది మా పాప పట్టుకుని నిలబడేంత ఎత్తు. తర్వాత కొద్దికొద్దిగా పైకి. నాలుగైదు గాట్లయ్యాక ఆగిపోయాయి. ఆ పైన, ఇటుక రంగు గీతదాకా, ఏమీ లేదు. ఖాళీ గోడ.

"మీవా?" అన్నాను.

ఈయన తల అడ్డంగా ఊపారు. నాకూ తెలుసు. ఈయన గాట్లు వంటింటి తలుపు చెక్కకి ఉన్నాయి, పట్టుకుని నిలబడ్డప్పటి నుంచి మీసాలొచ్చినదాకా. కిందటి నెల పాపకి మొదటి గాటు పెట్టింది వాటి పక్కనే.

"అమ్మా," అన్నారు. "నేను ఒక్కడినే కదా?"

అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. విరిగిన పలకల మీంచి, ఆ కారిన దాంట్లోంచి, ఒట్టి కాళ్ళతో తొక్కుకుంటూ వచ్చింది, అది తన కాళ్ళకి అంటుతున్నట్టే తెలీనట్టు. నా ముందు నిలబడి చేతులు చాపింది. పాప పుట్టాక ఆ చేతులు అలా చాచడం నేను చూడటం అదే మొదటిసారి. ఇవ్వాలా వద్దా అని నేను తేల్చుకోకముందే, పాప నా భుజంమీంచి ఆవిడమీదికి దూకింది.

నడుం వంచి, పాపని ఆ గోడ దగ్గర నిలబెట్టింది. ఒక అరచెయ్యి పాప కడుపుమీద, ఇంకో అరచెయ్యి నెత్తిమీద. పాప నెత్తి మొదటి గాటుకి సరిగ్గా ఆనింది.

"కదలకు," అంది అత్తయ్య. నేనెప్పుడూ వినని గొంతు అది, ముద్దు చేసే గొంతు. "కదిలితే గీత వంకరపోతుంది. కదలకు తల్లీ."

పాప కిలకిలా నవ్వింది. అత్తయ్యా నవ్వి, ఒక పేరు పెట్టి పిలిచింది.

అది మా పాప పేరు కాదు.